మార్చి ఒకటో తారీఖు ఉత్తరం

మార్లిస్ గ్రుబ్ రోజూ తొమ్మిదింటికి టిల్మన్స్ ఫోర్డ్ గ్రంథాలయం నేలమాళిగ తలుపు తీస్తుంది. కోటు కొక్కేనికి తగిలించి, బూట్లకంటిన మంచు దులుపుకుని, చీటీల డ్రాయరు లాగుతుంది. జనవరి ఒకటి నుంచి డిసెంబరు ముప్ఫయ్యొకటి దాకా రోజుకో చీటీ. ఆ రోజు చీటీలో ఏ ఉత్తరాల పేర్లున్నాయో చూసుకుని, వాటిని పెట్టెల్లోంచి తీసి, పొడుగాటి బల్ల మీద పరిచి, పక్కన సిరా పీల్చే అద్దుడు కాగితాలు పెట్టుకుంటుంది. అప్పటికే సిరా తడిదేరి ఉంటుంది. కాఫీ ఆ తర్వాతే.

చేత్తో రాసిన కాగితం ఏదైనా, రాసిన రోజు తిరిగొచ్చేసరికి మళ్ళీ తడుస్తుంది కదా. కిరాణా చీటీ అయినా అంతే, అమెరికా అధ్యక్షుడి ఉత్తరమైనా అంతే. పొద్దున తడిసి సాయంత్రానికి ఆరిపోతుంది. ఆ రోజు చూసుకోకుండా మడతపెట్టి ఉంచితే అక్షరం అక్షరానికి అంటుకుని మొత్తం అలుక్కుపోతుంది. అందుకే అధ్యక్షుల ఉత్తరాలు సేకరించేవాళ్ళు పెళ్ళిరోజు మరిచిపోయినా ఉత్తరాల రోజులు మాత్రం మరిచిపోరు.

మా ఒహాయోలో కళ్ళు మూసుకుని రాయి విసిరితే ఎవరో ఒక అధ్యక్షుడి చిన్నాన్నగారింటి కప్పు మీద పడుతుందని మా ధీమా. కాబట్టి ఊరికో సేకర్తల సంఘం ఉంటుంది. మా ఊరి సంఘం నెలకోసారి, రెండో మంగళవారం, ఆ నేలమాళిగలోనే కూర్చుంటుంది. పళ్ళ డాక్టరుగా చేసి మానేసిన డెల్బర్ట్ హైన్స్ దానికి పెద్ద. ఆయన దగ్గర ఒక అధ్యక్షుడు పులుసు తాగిన చెంచా, ఇంకొకాయన సగం తాగి పారేసిన చుట్ట, ఎన్నికల బ్యాడ్జీలు మూడు బీరువాల నిండా ఉన్నాయి. చెంచా సంగతి మనకి తెలీదు గానీ, ఉత్తరం దగ్గర మాత్రం ఎవరూ మోసపోరు. పైన వేసిన తేదీన తడిస్తే అసలుది. ఆ తేదీన పొడిగా ఉండి ఇంకెప్పుడో తడిస్తే దొంగది. ఎప్పటికీ తడవకపోతే అచ్చుది. చదువు రానివాడు కూడా చెప్పెయ్యగలడు.

ఆ సంఘానికి ఒక నియమం ఉంది. దొంగ ఉత్తరం తెచ్చినవాళ్ళు ఇక బల్ల దగ్గర కూర్చోకూడదు. రావచ్చు, వినవచ్చు, గోడ వారన కుర్చీ వేసుకోవచ్చు. అలా గోడ వారన కూర్చుని నలభయ్యేళ్ళుగా అందరికీ కాఫీ పోసిన మనిషి వీటా లమ్. ఆమె చేసే దాల్చినచెక్క కేకు మీద ఆశతోనే సగం మంది సమావేశానికొచ్చేవారు. తింటూ కూడా ఎవరూ ఆమెని బల్ల దగ్గరికి రమ్మనలేదు.

వీటాకి తొమ్మిదేళ్ళప్పుడు అప్పటి అధ్యక్షుడికి ఉత్తరం రాసింది. ఆయన పేరు నేను చెప్పను. మా ఊళ్ళో సగం మందికి ఆయనంటే ప్రాణం, మిగతా సగానికి ఒళ్ళుమంట. పేరెత్తితే కథ పక్కకి పోతుంది. "నాకు తెలిసిన ఒకమ్మాయికి నలుగురి ముందు మాట్లాడాలంటే నత్తి వస్తుంది. మీరు అంతమంది ముందు ఎలా మాట్లాడతారు?" అని అడిగింది. జవాబు వచ్చింది. టైపు కొట్టింది కాదు, చేత్తో రాసింది.

"నాకూ చిన్నప్పుడు నత్తి ఉండేది. ఇప్పటికీ మాట్లాడబోయే ముందు జేబులో చెయ్యి పెట్టి ఒక బొత్తాం గట్టిగా పట్టుకుంటాను. ఎందుకు పనిచేస్తుందో నాకూ తెలీదు. నా పాత కోటుది ఒకటి ఇందులో పెడుతున్నాను. ఆ అమ్మాయికివ్వు. నేనిచ్చానని మాత్రం చెప్పకు, ఇంకా భయపడుతుంది." కింద సంతకం. పైన తేదీ: మార్చి ఒకటి.

వీటా రెండు నెలలు ఆ ఉత్తరాన్ని దిండు కింద దాచుకుంది. తర్వాత ఆగలేక బడికి తీసుకెళ్ళి పంతులమ్మకి చూపించింది. మిస్ ప్రూయెట్ కళ్ళజోడు పెట్టుకుని ముందు కవరు చూసింది. తపాలా ముద్రలో నెల తెలుస్తోంది, తారీఖు దగ్గర మాత్రం ముద్ర అలుక్కుపోయింది.

"ఫిబ్రవరి ముద్ర," అంది పంతులమ్మ క్లాసు మొత్తానికి వినపడేలా. "లోపలేమో మార్చి ఒకటి. అంటే మీ అధ్యక్షుడు రేపు రాయబోయే ఉత్తరాన్ని ఇవాళే డబ్బాలో వేశాడన్నమాట. బొత్తాం పంపించానన్నాడు, ఏదీ? చూపించు."

వీటా నేల చూస్తూ నిలబడింది. ఎన్నిసార్లడిగినా బొత్తాం సంగతి మాట్లాడలేదు.

ఉత్తరాన్ని గ్రంథాలయంలో పెట్టారు. మరుసటి ఏడు మార్చి ఒకటిన ఊరంతా నేలమాళిగలోకి దిగింది. ఉత్తరం ఎండాకాలం కట్టెలా పొడిగా ఉంది. ఆ ఆదివారమే వీటా వాళ్ళ నాన్న చర్చిలో ఇద్దరు కూతుళ్ళనీ నిలబెట్టి, చిన్నదానితో అందరికీ క్షమాపణ చెప్పించాడు. రెండో ఏడూ చూశారు, మూడో ఏడూ చూశారు. నాలుగో ఏడు ఇంకెందుకని మానేశారు. అద్దుడు కాగితాల మధ్య పెట్టి, "తప్పుడు కాగితాలు" అని రాసి ఉన్న పెట్టెలో పడేశారు. పిల్లలు ఆమెకి "రేపటి వీటా" అని పేరు పెట్టారు. ఆ పిల్లలు ముసలివాళ్ళయ్యారు గానీ పేరు మాత్రం ముసలిదవలేదు.

ఇప్పుడు వీటాకి డెబ్భయ్యేడు. మొగుడు పోయి పదేళ్ళయింది, మోకాళ్ళు మెట్లెక్కనివ్వడం లేదు. అక్క ఓపల్‌కి ఎనభై. ఆమెది మెట్లు లేని ఇల్లు, ఒంటరి బతుకు. "వచ్చి నా దగ్గరుండు" అని ఓపలే పిలిచింది. కానీ ఓపల్ ఏదిచ్చినా దానికో మెలిక ఉంటుంది.

"ఆ ఉత్తరం ఇంకా ఆ గుంటలో పడుంది కదా," అంది. "ఏటా ఎవడో ఒకడు దాన్ని తలుచుకుని నవ్వుతాడు. వెళ్ళి తెచ్చుకో. పెరట్లో పీపాలో వేసి తగలెయ్. ఆ అబద్ధం సంగతి తేల్చాకే నా గడప తొక్కు."

"అబద్ధం కాదక్కా."

"అరవై ఎనిమిదేళ్ళుగా వింటున్నానే ఈ పాట. కాలుస్తావా, లేక ఆ మెట్లు ఎక్కుతూ దిగుతూ చస్తావా?"

వీటా మూడు వారాలు ఆలోచించింది. ఊరు నమ్మకపోతే మానె. కానీ ఉన్న ఒక్కగానొక్క తోబుట్టువు కూడా నమ్మకపోతే ఇంక ఎవరి కోసం దాచుకోవాలి? సరేనంది.

మార్లిస్‌కి ఫోన్ చేస్తే ఆమె డ్రాయరు తిరగేసింది. "ఈ నెలంతా ఊపిరాడదండీ వీటా గారూ, రోజూ తడికాగితాలే. ఇరవై తొమ్మిదిన రండి. ఈసారి లీపు సంవత్సరం కదా. ఆ రోజుకి నా దగ్గర చీటీయే లేదు, ఒక్క ఉత్తరమూ లేదు. తీరిగ్గా వెతికిస్తాను."

అలా ఫిబ్రవరి ఇరవై తొమ్మిదిన, బయట సన్నగా మంచు పడుతుండగా, అక్కచెల్లెళ్ళిద్దరూ నేలమాళిగలోకి దిగారు. ఓపల్ ఎడమ చెయ్యి ఎప్పట్లాగే కోటు జేబులో ఉంది. జిల్లా సంతలో ముప్ఫయ్యేళ్ళు మైకు పట్టుకుని పందుల పోటీ ఫలితాలు చదివిన గొంతు ఆమెది. చిన్నప్పుడు తన పేరు చెప్పడానికే నిమిషం పట్టేదంటే ఈ కాలం పిల్లలు నమ్మరు.

"త్వరగా కానివ్వమ్మా మార్లిస్," అంది. "పీపాలో చితుకులు పేర్చి, అగ్గిపెట్టె మూత మీద పెట్టి వచ్చాను. మంచుకి తడిసిపోతుంది."

"అంత తొందరేంటండీ, కాఫీ అయినా తాగరా?"

"ఇది కాఫీ పోసే చోటని మా చెల్లెలికి తెలుసు. తాగే చోటని నేనెప్పుడూ అనుకోలేదు."

మార్లిస్ నవ్వాలో వద్దో తెలీక పెట్టె దించింది. పైనున్న కాగితాలు ఒక్కొక్కటే పక్కన పెట్టి, అడుగునున్న అద్దుడు కాగితాల జత బల్ల మీదికి తెచ్చింది. "ఇదేనండీ. సంతకం పెట్టి తీసుకెళ్ళండి," అంటూ పైకాగితం ఎత్తబోయింది. అది రాలేదు. చిన్నగా పట్టుకుని, అంచు నుంచి ఒలిచినట్టు లేపాల్సి వచ్చింది.

పైకాగితం లోపలివైపు నీలంగా ఉంది. అక్షరాలు తిరగబడి, ఒకదాని మీద ఒకటి, పొరలు పొరలుగా అంటుకుని ఉన్నాయి. అడుగు పొరలు వెలిసిపోయి ఉన్నాయి, పైపొర నిగనిగలాడుతోంది.

వీటా కళ్ళజోడు కోసం సంచిలో వెతుక్కుంటూనే రెండో చేత్తో ఉత్తరాన్ని దగ్గరికి లాక్కుంది. బొటనవేలు సంతకం చివర మీద పడింది. వేలెత్తి చూసుకుంది. నీలంగా ఉంది.

"అయ్యో, పాడుచేశాను," అంది ముందు. ఆ తర్వాతే ఆమెకి అర్థమైంది. కుర్చీ వెతుక్కుని కూర్చుంది. తను కూర్చున్నది బల్ల దగ్గరి కుర్చీలో అని కూడా గమనించలేదు.

మార్లిస్ వేలికొసతో తేదీని తాకింది. అదీ తడే. "మార్చి ఒకటి," అని చదివింది. గోడ మీద క్యాలెండరు చూసింది. మళ్ళీ ఉత్తరం చూసింది. "ఇవాళ ఇరవై తొమ్మిది. కవరు మీద ఫిబ్రవరి... ఆ ఏడూ లీపు సంవత్సరమే, ఆయన మరిచిపోయాడండీ! ఇరవై ఎనిమిది తర్వాత ఒకటే అనుకుని రాసేశాడు. నేను కూడా ఇవాళ పొద్దున పాలవాడి చీటీ మీద మార్చి ఒకటనే రాసి కొట్టేశాను!"

ఇన్నేళ్ళలో ఇంతమందికీ ఈ మాట తట్టలేదా అని మీరడగొచ్చు. తట్టలేదు. తేదీని కొలబద్ద చేసుకున్నవాళ్ళకి ఆ కొలబద్దే వంకరేమోనని అనుమానం రాదు. పైగా దేశానికి అధ్యక్షుడు తేదీ తప్పు రాశాడనుకోవడం కన్నా, తొమ్మిదేళ్ళ పిల్ల అబద్ధమాడిందనుకోవడం పెద్దవాళ్ళకి తేలిక. నాలుగేళ్ళకోసారి ఆ ఉత్తరం చీకట్లో ఒంటరిగా తడుస్తూనే ఉంది, ఆరుతూనే ఉంది. చూసేవాళ్ళే లేరు.

"డాక్టరు గారికి ఫోన్ చేస్తాను," అని మార్లిస్ రెండేసి మెట్లెక్కుతూ పైకి పరిగెత్తింది.

వీటా బొటనవేలినే చూసుకుంటూ ఉండిపోయింది. గుండెల మీది కుంపటి ఎవరో చేత్తో తీసి పక్కన పెట్టినట్టుంది. ఏడుపు రాలేదు, నవ్వూ రాలేదు. హాయిగా ఒక నిట్టూర్పు మాత్రం వచ్చింది. "నాన్న ఉంటే బాగుండేది," అంది. "పోనీలే. నువ్వున్నావు. చూశావా అక్కా?"

ఓపల్ నిలబడే ఉత్తరం మొదటినుంచి చివరిదాకా చదివింది. అరవై ఎనిమిదేళ్ళలో ఆమె దాన్ని చదవడం అదే మొదటిసారి. తర్వాత జేబులోంచి ఎడమ చెయ్యి తీసి, గుప్పిట తెరిచి, ఉత్తరం పక్కన ఒక బొత్తాం పెట్టింది. నల్లటి కోటు బొత్తాం. అరిగి అరిగి నాలుగు కన్నాలూ ఒకటయ్యాయి.

"నా... నా... నా ద..." అంది. ముప్ఫయ్యేళ్ళు మైకులో మోగిన గొంతు గడప దాటలేక నిలబడిపోయింది. "నా ద... ద..."

"పట్టుకుని మాట్లాడక్కా," అని వీటా బొత్తాం తీసి ఆమె గుప్పిట్లో పెట్టి, వేళ్ళు మూసింది.

"నా దగ్గరే ఉందే," అంది ఓపల్. "ఆ రోజు క్లాసులో మిస్ ప్రూయెట్ బొత్తాం ఏదని అడిగిందని ఇంటికొచ్చి ఎవరో చెప్పారు. అప్పుడది నా గౌను జేబులో ఉంది. నాకు తెలిసిపోయింది. తెలీనట్టు ఊరుకున్నాను. చూపిస్తే ఉత్తరంతో పాటు దాన్నీ లాక్కుని అద్దాల బీరువాలో పెట్టేసేవాళ్ళు. అప్పటికి వారం క్రితమే కదూ, నేను బళ్ళో పద్యం మొత్తం తడబడకుండా చెప్పింది? జీవితంలో మొదటిసారి. ఎలా ఇస్తాను చెప్పు?"

"నిన్నెవరు ఇమ్మన్నారు?"

"మరుసటి ఏడు ఉత్తరం పొడిగా ఉంటే, హమ్మయ్య, అబద్ధమే అనుకున్నాను. నువ్వు బొత్తాం ఇచ్చినప్పుడు ఏమన్నావు? అమ్మ బొత్తాల డబ్బాలోది అన్నావు. ఆ మాట పట్టుకునే ఇన్నాళ్ళూ బతికాను. కాల్చెయ్యమన్నది కూడా నీ కోసం కాదు, నా కోసం. నువ్వు క్షమాపణ చెబుతుంటే పక్కన నిలబడ్డాను చూడు, ఆ రోజు నుంచి నాకు చర్చిలో మోకాలు వంచాలంటే సిగ్గు."

వీటాకి కోపం వస్తుందని ఓపల్ ఎదురుచూసింది. రావాల్సిందే. కానీ ఊరంతా నవ్వుతున్నప్పుడు నోరు విప్పకుండా తను కాపాడుకున్నది ఈ గొంతునే. ప్రతి ఏడూ సంతలో జనం మధ్య నిలబడి, ఎవరికీ చెప్పకుండా, ఆ గొంతు విని మురిసిపోయింది కూడా తనే.

"పందుల పోటీ నువ్వు చదివితేనే అందం," అంది. "కూర్చో."

ఓపల్ కూర్చుని, కోటు చేతితో ముక్కు తుడుచుకుంది. "నా ఇంట్లో దీనికి ఎక్కడ చోటు చేస్తావో ఏమో. ముందుగది గోడకి నా బహుమతి పళ్ళేలున్నాయి."

"పళ్ళేలు దించు."

"దించుతాలే, పెద్ద చెప్పొచ్చింది."

పావుగంటలో డెల్బర్ట్ హైన్స్ కోటు బొత్తాలు కూడా పెట్టుకోకుండా వచ్చాడు. భూతద్దం తీసి తేదీ చూశాడు, సంతకం చూశాడు, అద్దుడు కాగితం మీది పొరలు లెక్కపెట్టబోయి ఎనిమిదో దాని దగ్గర మానేశాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. డెబ్భయ్యేళ్ళ మనిషి, సంఘానికి పెద్ద, బల్ల అవతల బడిపిల్లాడిలా నిలబడ్డాడు.

"వీటా గారూ," అన్నాడు, "నలభయ్యేళ్ళు మీ చేతి కాఫీ తాగాను. నాకు మాట రావడం లేదు."

"రాకపోతే మానెయ్యండి. వచ్చే సమావేశానికి కాఫీ మీరు పెట్టండి, చాలు."

"పెడతాను. కేకు మాత్రం మీరే తేవాలి." ఆయన ముఖంలో కాస్త నెత్తురు వచ్చింది, దానితో పాటే సేకర్త బుద్ధీ వచ్చింది. "ఉత్తరం అసలుదైతే బొత్తామూ అసలుదే కదండీ. అధ్యక్షుడి కోటు బొత్తాం! ఈ రాష్ట్రంలో అలాంటిది ఇంకెక్కడా ఉండదు. రెండూ కలిపి మధ్య బీరువాలో పెడదాం. చిన్నప్పుడు ఎక్కడ పడేశారో ఏమైనా గుర్తొస్తోందా?" అంటూ ఆయన చూపు ఓపల్ గుప్పిట మీద ఆగింది. వేళ్ళ సందులోంచి నల్లగా ఏదో అంచు కనిపిస్తోంది. "ఓపల్ గారూ, అదేమిటండీ మీ చేతిలో?"

ఓపల్ నోరు తెరిచింది. గుప్పిట నిండా బొత్తాం ఉన్నా మాట రాలేదు.

"అదా?" అంది వీటా, బొటనవేలి సిరా చేతిగుడ్డకి తుడుచుకుంటూ. "అది మా అమ్మ బొత్తాల డబ్బాలోదండీ."

"ఓహో," అన్నాడు డాక్టరు, మళ్ళీ ఉత్తరం మీదికి వంగుతూ.

వీటా తన జన్మలో ఆడిన అబద్ధం అదొక్కటే, రెండుసార్లు ఆడింది. రెండుసార్లూ అడిగినవాళ్ళు ఇట్టే నమ్మారు.